కాళ్ల తహతహకు మందు రాసే వైద్యులకు: దాన్ని మానే దారి కూడా చెప్పండి

రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్‌కు, అంటే కాళ్ల తహతహ జబ్బుకు, మందులు రాసే నాడీ వైద్యులకు, మనోవైద్యులకు, నిద్ర వైద్య నిపుణులకు, జనరల్ ఫిజీషియన్లకు

గౌరవనీయులైన వైద్యులారా,

నమస్కారం. నేను వైద్యరంగానికి చెందినదాన్ని కాను. ఈ జబ్బుకు తొమ్మిదేళ్ల పాటు రోజూ రాత్రి ప్రామిపెక్సోల్ అనే మాత్ర వేసుకుని, ఒకసారి దాన్ని మానబోయి మానలేక, రెండోసారి ఐదు నెలలు పట్టి మానగలిగిన రోగిని. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. నాకు చికిత్స చేసిన వారిలో నిర్లక్ష్యం చేసినవారు ఎవరూ లేరు, అందరూ నా బాధ తగ్గించాలనే చూశారు. అయితే ఆ తొమ్మిదేళ్లలో నలుగురు వైద్యులు ఆ మందు మోతాదు ఎలా పెంచుకోవాలో నాకు చెప్పారు గానీ, ఎలా తగ్గించుకోవాలో చెప్పినవారు ఐదో వైద్యురాలి గది తలుపు తట్టేదాకా నాకు దొరకలేదు. ఆవిడ చెప్పిన వాటిలో రహస్యం ఒక్కటీ లేదు. అన్నీ మీరు చదివే పత్రికల్లో అచ్చైనవే. అవి రోగి దాకా, అందులోనూ మందు మొదలుపెట్టే రోజునే, చేరాలని అడగడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఈ బాధను మేము మీకు చెప్పుకునే భాష గురించి ఒక మాట చెప్పాలి. తెలుగులో దీనికి సరైన మాట లేదు. మీ ఎదుట కూర్చుని మేము “కాళ్లు పీకుతున్నాయండీ” అంటాం, “గుంజుతున్నాయి” అంటాం, “లాగుతున్నాయి” అంటాం. ఈ మూడు మాటలూ వినేవారికి నొప్పిగానే వినిపిస్తాయి కాబట్టి నొప్పి బిళ్లలు రాస్తారు, లేదంటే కాల్షియం రాసి పంపుతారు. నాకు మొదటి రెండేళ్లూ అలాగే గడిచాయి. నిజానికి నాది నొప్పి కాదు. పిక్కల లోతుల్లో, చేతికి అందని చోట, ఏదో పొంగుతున్నట్టూ పాకుతున్నట్టూ ఉండి, కాలు కదిలించి తీరాలనిపించే తహతహ. కదిలిస్తే ఆ క్షణానికి ఉపశమనం, ఆపితే మళ్లీ మొదలు. కూర్చుంటే, పడుకుంటే ఎక్కువవుతుంది, సాయంత్రం నుంచి పెరుగుతూ పోయి అర్ధరాత్రి వేళకు ముదురుతుంది, తెల్లవారాక చాలావరకు సద్దుమణుగుతుంది. “నొప్పా, లేక కదపకుండా ఉండలేకపోతున్నారా?” అన్న ఒక్క ప్రశ్న ఎవరైనా వేసి ఉంటే నా జబ్బు ఆ రోజే బయటపడేది. ఈ ప్రశ్నకు ఉన్న విలువ మందు మానే రోజుల్లో ఇంకా పెరుగుతుంది. అదెందుకో తర్వాత చెబుతాను.

జబ్బు పేరు తెలిసిన రోజు రాత్రి 0.125 మిల్లీగ్రాముల ప్రామిపెక్సోల్ వేసుకుని ఏడు గంటలు నిద్రపోయాను. పొద్దున లేచి మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఈ మందుల గుణాన్ని తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు. లెవోడోపా ఈ జబ్బుకు పనిచేస్తుందని అక్‌పినార్ అనే టర్కీ వైద్యుడు 1982లో నివేదించినప్పటి నుంచి డోపమైన్ మందులు, అంటే మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనిని చేసేవి (నా ప్రామిపెక్సోల్ కూడా వాటిలో ఒకటే), ఎన్ని లక్షల మందిని మొదటి రాత్రే నిద్రపుచ్చాయో మీకు తెలుసు. అయితే ఆ లెవోడోపా వాడిన రోగుల్లో నూటికి 82 మందికి మందే జబ్బును ముదిరించిందని అమెరికాలో అలెన్, ఎర్లీ అనే పరిశోధకులు 1996లోనే రాశారు. దానికి అగ్మెంటేషన్ అని పేరు పెట్టింది కూడా వారే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జబ్బుకు 2005లో రోపినిరోల్‌ను, 2006లో ప్రామిపెక్సోల్‌ను అనుమతించే నాటికి ఆ మాట పుట్టి దాదాపు పదేళ్లు. నా చీటీ మీద ఆ మాట ఏనాడూ కనిపించలేదు.

నాకది వచ్చిన తీరు చెబుతాను, ఎందుకంటే అది పాఠ్యపుస్తకంలో ఉన్నంత స్పష్టంగా రాదు. మొదట రాత్రి పదింటికి మొదలయ్యే తహతహ మూడో ఏట ఎనిమిదింటికే మొదలైంది. మాత్ర రెండు గంటలు ముందుకు జరపమన్నారు. తర్వాత సాయంత్రం ఆరింటికే మొదలైతే ఇంకో మాత్ర కలిపారు. ఐదో ఏట మధ్యాహ్నం కుర్చీలో కూర్చోలేని స్థితి వచ్చింది. అంతకుముందు కాళ్లకే పరిమితమైనది చేతుల్లోకి పాకింది. మాత్ర వేసుకున్నాక అరగంటలో వచ్చే ఉపశమనానికి గంటన్నర పట్టడం మొదలైంది, వచ్చినా ఎక్కువసేపు నిలిచేది కాదు. ఒక్కో మార్పునూ విడిగా చూస్తే మోతాదు కాస్త పెంచడం సబబుగానే కనిపిస్తుంది. అలా సబబుగా పెంచుకుంటూ పోయి, ఈ జబ్బుకు అమెరికాలో అనుమతించిన గరిష్ఠ మోతాదు 0.5 మిల్లీగ్రాములైతే, నేను ఏడో ఏటికి 1 మిల్లీగ్రాము దగ్గర ఉన్నాను. జబ్బు ముదిరిందన్నారు, వయసు అన్నారు, ఒత్తిడి అన్నారు. జబ్బు ముదరడం వేరు, మందు ముదిరించడం వేరు. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, చికిత్సలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

ఇక అసలు విషయానికి వస్తాను. ఏడో ఏట ఒక పత్రికలో ఈ అగ్మెంటేషన్ గురించి చదివి, అప్పటి నా వైద్యుడిని అడిగాను. ఆయన శ్రద్ధగా విన్నారు, కావచ్చునన్నారు, “అయితే ఆపేద్దాం, వారం రోజులు కష్టంగా ఉంటుంది, ఓర్చుకోండి” అన్నారు. చీటీ మీద ఆ మందు పేరు కొట్టేశారు. అంతే. మోతాదును మెల్లగా దించే క్రమం లేదు, దాని స్థానంలో మరో మందు లేదు, రాత్రి ఇబ్బంది పడితే ఎవరికి చెప్పాలో లేదు.

1672లో థామస్ విల్లిస్ అనే ఆంగ్లేయ వైద్యుడు ఈ జబ్బును మొదటిసారి వర్ణిస్తూ, చిత్రహింసల చోట ఉన్నవారికి ఎంత నిద్ర పడుతుందో ఈ రోగులకూ అంతే పడుతుందన్న అర్థం వచ్చేలా రాశాడు. ఆ పోలిక మొదట చదివినప్పుడు పాతకాలపు అతిశయోక్తి అనుకున్నాను. మందు మానిన మూడో రాత్రి నాకు అందులో అతిశయోక్తి కనిపించలేదు. కదిలితే తగ్గడమనే ఈ జబ్బులోని ఒకే ఒక్క దయ కూడా ఆ రాత్రుల్లో పోయింది. నడుస్తుంటే కూడా తహతహ ఉండేది. గోడకు చేతులు ఆనించి నిలబడి కునుకు తీయబోతే మోకాళ్లు వాటంతట అవే ఎగిరేవి. నాలుగు రాత్రులు, నాలుగు పగళ్లు కలిపి నేను పోయిన నిద్ర మూడు గంటలకు మించదు. చెమటలు, వికారం, గుండె దడ, ఏ కారణమూ లేని భయం. ఐదో రోజు మావారు నన్ను వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే, నిద్ర కోసం మత్తు కలిగించే యాంటీహిస్టమిన్ ఒకటి, వికారానికి మెటోక్లోప్రమైడ్ ఒకటి రాశారు.

ఈ లేఖ చదివేవారిలో ఎంతమంది ఈ వాక్యం దగ్గర ఉలిక్కిపడ్డారో నాకు తెలియదు. డిఫెన్‌హైడ్రమిన్ వంటి మత్తు యాంటీహిస్టమిన్లు కాళ్ల తహతహను పెంచుతాయి. మెదడులో డోపమైన్‌ను అడ్డుకునే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ వంటి వాంతి మందులు ఇంకా పెంచుతాయి. డోపమైన్ మందు అప్పుడే మానిన మనిషికి వాటిని ఇవ్వడమంటే మంట మీద నెయ్యి పోయడమే. ఆ రాత్రి నేను పడిన బాధ వర్ణించను. తెల్లవారగానే మిగిలిపోయిన పాత మాత్ర తీసి మింగాను. రెండు గంటల్లో పడుకున్నాను. తర్వాతి అపాయింట్‌మెంట్‌లో వైద్యుడు ఎంతో సానుభూతితో, “చూశారా, మందు లేకపోతే మీ జబ్బు ఎంత తీవ్రంగా ఉందో” అన్నారు.

ఆ ముగింపును మీరంతా ఒకసారి ఆగి పరిశీలించాలని నా మనవి. మందు మానిన మొదటి పది, పదిహేను రోజుల్లో కనిపించేది రోగి అసలు జబ్బు కాదు. డోపమైన్ మందుకు అలవాటుపడిన నాడీ వ్యవస్థ ఒక్కసారిగా ఆధారం కోల్పోయి చేసే అల్లరి అది. అది చాలామందిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో దిగుతుంది, దిగాక మిగిలేదే అసలు జబ్బు. మందు మానడం వల్ల పుట్టే ఈ అల్లరి (విత్‌డ్రాయల్) పతాకస్థాయిలో కొలతలు తీసి, దాన్నే జీవితాంతపు తీర్పుగా రాసేస్తే, రోగి మళ్లీ అదే మాత్రకు, ఈసారి భయంతో, కట్టుబడిపోతాడు. నేను అలా మరో రెండేళ్లు కట్టుబడి ఉన్నాను.

కాళ్ల సంగతి ఇలా ఉంటే మనసు సంగతి వేరు. డోపమైన్ ఎగోనిస్టులు, అంటే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి డోపమైన్‌లా పనిచేసే మందులు, మానినప్పుడు ఆందోళన, హఠాత్తుగా వచ్చే భయం, దిగులు, నిస్సత్తువ, చెమటలు, మందు కోసం మనసు లాగడం వంటి లక్షణాల సముదాయం ఒకటి వస్తుందని 2010లో ఇవే మందులు వాడే పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) రోగుల్లో గుర్తించి, దానికి డోపమైన్ ఎగోనిస్ట్ విత్‌డ్రాయల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అంతకంటే తక్కువ మోతాదులు వాడే కాళ్ల రోగుల్లోనూ అది కనిపించింది. ఈ పేరు నాకు ముందే తెలిసి ఉంటే ఎంత మేలు జరిగేదో చెప్పలేను. రెండోసారి మందు తగ్గిస్తున్నప్పుడు ఒక దశలో దేని మీదా ఆసక్తి లేకుండా పోయింది. మనవరాలు పరుగెత్తుకుంటూ వస్తుంటే చేతులు చాచాను గానీ లోపల ఏమీ కదలలేదు. అది నా స్వభావం మారిపోవడం కాదని, మందు దిగుతున్న జాడ అని, కొన్ని నెలల్లో తగ్గే అవకాశం ఎక్కువని ఆ వైద్యురాలు ముందే చెప్పి ఉంచడం వల్ల నిబ్బరంగా ఉండగలిగాను. చెప్పకపోతే, నిద్రలేని ఆ రాత్రుల్లో బతుకు మీద విరక్తి ఎంత దూరం తీసుకెళ్తుందో నాకు మొదటి ప్రయత్నంలోనే అర్థమైంది. ఆ ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగితే వస్తాయేమోనని సంకోచించకండి, అవి వచ్చినవారు ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తూ ఉంటారు.

ఇంకొక చిక్కు ఉంది. ఆ దిగులు చూసి డిప్రెషన్ మందు రాయాలనిపించడం సహజం. అయితే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు, ఎస్‌ఎన్‌ఆర్‌ఐలు, ట్రైసైక్లిక్ మందులు, మర్టాజపిన్ చాలామందిలో కాళ్ల తహతహను పెంచుతాయి. బ్యుప్రోపియాన్ అనే డిప్రెషన్ మందుకు ఆ గుణం తక్కువని అంటారు. రోగికి ఏది తగునో తేల్చాల్సింది మీరే, కానీ మనసుకు మందు రాసేవారూ కాళ్లకు మందు రాసేవారూ ఒకరి చీటీ ఒకరు చూసుకోవాలి. మాకు రెండు వేర్వేరు ఫైళ్లు ఉంటాయి, శరీరం మాత్రం ఒక్కటే ఉంటుంది.

రెండో ప్రయత్నం ఎలా జరిగిందో వివరంగా రాస్తాను. ఐదో వైద్యురాలు మందు తగ్గించడం మొదటి రోజున మొదలుపెట్టలేదు. ముందు రక్త పరీక్ష రాశారు, పొద్దున్నే ఏమీ తినకుండా ఇవ్వమన్నారు, అంతకు ముందు రోజుల్లో జ్వరం గానీ ఇన్ఫెక్షన్ గానీ లేదని అడిగి తెలుసుకున్నారు, ఎందుకంటే ఒంట్లో వాపు ఉంటే, ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ అనే అంకె లేనిది ఉన్నట్టు పెరిగి చూపిస్తుందట. నా ఫెరిటిన్ 22 వచ్చింది. ల్యాబ్ కాగితం మీద దాని పక్కన ఏ గుర్తూ లేదు, మామూలు హద్దులోనే ఉంది. అంతకు మూడేళ్ల ముందు మరొక వైద్యుడు దాదాపు అదే అంకె చూసి “ఐరన్ బాగానే ఉంది” అన్నారు. రక్తహీనతకు సరిపోయే హద్దు ఈ జబ్బుకు సరిపోదని, ఇక్కడ కొరత మెదడులోని ఐరన్‌దని, పెద్దల్లో ఫెరిటిన్ 75 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఐరన్ ఇవ్వాలని నిపుణుల సిఫార్సు అని ఆవిడ చెప్పారు. సెలైన్‌తో నరంలోకి ఐరన్ ఎక్కించి, దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని ఆగారు. ఆ ఆగడం విలువ తర్వాత తెలిసింది.

ఆ తర్వాత డోపమైన్ జాతికి చెందని గాబాపెంటిన్ అనే మరో మందు మొదలుపెట్టి, అది తగిన మోతాదుకు చేరాకే ప్రామిపెక్సోల్‌ను కదిపారు. అదీ ఒకేసారి కాదు, చిన్న చిన్న మెట్లుగా, ఒక్కో మెట్టు దిగాక శరీరం కుదుటపడేదాకా ఆగుతూ దించారు. మొదటి సగం దించడం నేను భయపడినంత కష్టం కాలేదు. చివరి మెట్టు, అంటే నేను తొమ్మిదేళ్ల కింద మొదలుపెట్టిన ఆ చిన్న మాత్ర నుంచి ఏమీ లేని స్థితికి రావడం, మిగిలిన అన్ని మెట్లనూ కలిపినా సరిపోనంత కష్టం. ఆ కష్టం ఉంటుందని ఆవిడకు తెలుసు. అందుకే ఆ రెండు వారాలకు నా పనికి సెలవు రాసిచ్చారు, వాహనం నడపవద్దన్నారు, తన పర్యవేక్షణలో కొద్ది కాలానికి మాత్రమే తక్కువ మోతాదు ఓపియాయిడ్ (నల్లమందు జాతి) మందు ఒకటి వాడేలా ఏర్పాటు చేశారు. ఓపియాయిడ్ పేరు వినగానే కొందరు ముఖం తిప్పుకుంటారని నాకు తెలుసు. ఆ జాగ్రత్త అవసరమే. అయితే తీవ్రమైన అగ్మెంటేషన్‌లో దానికి స్థానం ఉందని 2021లో నిపుణుల బృందం ప్రచురించిన చికిత్సా క్రమం కూడా చెబుతోంది. ఎవరికి ఇవ్వకూడదో, శ్వాస సమస్యలు ఉన్నాయో లేవో, గాబాపెంటిన్‌తో కలిపితే మగత ఎంత పెరుగుతుందో చూసుకునే నైపుణ్యం మీ దగ్గర ఉంది. ఆ నైపుణ్యాన్ని వాడకుండా “ఓర్చుకోండి” అనడం వైద్యం కాదని మాత్రం చెప్పదలిచాను.

ఇక ఆ రాత్రులు గడపడం గురించి. ఇది పుస్తకాల్లో తక్కువగా ఉంటుంది కాబట్టి, మీరు మీ రోగులకు చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను. మంచంతో పోట్లాడకూడదన్నది నేను నేర్చుకున్న మొదటి సంగతి. పడుకుని భరించిన ప్రతి నిమిషం తహతహను పెంచుతుంది, భయాన్నీ పెంచుతుంది. లేచి నిలబడి చేసే పనులు కొన్ని ముందే సిద్ధం చేసుకున్నాను: ఎత్తు బల్ల మీద బట్టలు ఇస్త్రీ చేయడం, పాత కాగితాలు వేరుచేయడం, చేతులకూ బుర్రకూ ఒకేసారి పని పెట్టే లెక్కలు, పదబంధ ప్రహేళికలు. మనసు గట్టిగా ఒక పనిలో నిమగ్నమైతే కాళ్లు కొంత మరుపున పడతాయి. టీవీ చూడటం వంటి ఊరికే కూర్చునే కాలక్షేపం నాకు ఎందుకూ కొరగాలేదు. పిక్కల మీద కాసేపు వేడినీళ్లు, కాసేపు చల్లనీళ్లు పోసుకుంటే కొన్ని నిమిషాలు దొరికేవి. సాయంత్రం తర్వాత కాఫీ, టీ పూర్తిగా మానేశాను. అన్నిటికంటే ఎక్కువ ఆదుకున్నది మాత్రం ఈ జబ్బుకు ఉన్న గడియారం. ఎంత చెడ్డ రాత్రి అయినా పొద్దున ఆరు దాటాక తహతహ తగ్గుముఖం పడుతుంది, ఆ ఘడియలు వృథా చేయవద్దని వైద్యురాలు చెప్పారు. రాత్రే నిద్రపోవాలి, పగలు పడుకోకూడదు అని అందరికీ చెప్పే నియమం ఆ రెండు వారాలకు పక్కన పెట్టమన్నారు. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పడుకున్న ఆ మూడు గంటల నిద్రే నన్ను నిలబెట్టింది.

పదకొండో రాత్రి నాలుగు గంటలు పడుకున్నాను. మూడో వారానికి మధ్యాహ్నపు తహతహ పోయింది. చేతుల్లోది పోయింది. రెండు నెలలు గడిచేసరికి నా జబ్బు మళ్లీ రాత్రి పదింటికి, కాళ్లలో మాత్రమే, తొమ్మిదేళ్ల కింద ఉన్న చోటికి తిరిగి వెళ్లింది. అంటే ముదిరింది జబ్బు కాదు.

ఇప్పుడు మిమ్మల్ని అడగదలిచినవి అడుగుతాను. కొత్తగా వచ్చే రోగుల సంగతి చాలావరకు తేలినట్టే. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చైన, ఏడాది పాటు సాగిన పరిశోధనలో 719 మంది పాల్గొన్నారు, గాబాపెంటిన్ జాతికే చెందిన ప్రెగాబాలిన్ వాడినవారిలో అగ్మెంటేషన్ 2.1 శాతం ఉంటే ప్రామిపెక్సోల్ 0.5 మిల్లీగ్రాములు వాడినవారిలో 7.7 శాతం ఉంది. అదీ ఒక్క ఏడాదిలో. 2025 ఆరంభంలో అచ్చైన అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ మార్గదర్శకాలు డోపమైన్ ఎగోనిస్టులను మామూలుగా వాడే మొదటి మందుగా రాయవద్దని సూచించాయి, గాబాపెంటిన్ కుటుంబపు మందులకు, అవసరమైనవారికి నరంలోకి ఐరన్ ఎక్కించడానికి పెద్దపీట వేశాయి. మంచిది. అయితే ఆ మార్గదర్శకాలు రాకముందు మీరే మొదలుపెట్టిన మేమంతా ఇంకా ఉన్నాం. కొత్త సిఫార్సు చదివి, ఉత్సాహంతో పాత రోగి చీటీలో ఆ పేరు ఒక్క గీతతో కొట్టేయడం జరుగుతుందేమోనన్నదే నా భయం. దయచేసి అలా చేయవద్దు. తక్కువ మోతాదుతో ఏళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నవారిని కదపాలో వద్దో వారితో కూర్చుని తేల్చండి. కదపాల్సి వస్తే మెట్లు రాసివ్వండి.

ఆ రోగిని అడిగేటప్పుడు ఇంటివారిని కూడా అడగండి. ఈ మందులు కొందరిలో జూదం మీద, అనవసరపు కొనుగోళ్ల మీద, తిండి మీద, శృంగారం మీద అదుపు తప్పిస్తాయి, రోగి సిగ్గుతో దాస్తాడు లేదా అది మందు వల్లేనని అతనికే తెలియదు. అటువంటి అదుపు తప్పిన అలవాట్లు ఉన్నవారికే మానేటప్పుడు మానసిక బాధ ఎక్కువగా ఉంటుందని పార్కిన్సన్స్ రోగుల్లో చూశారు. అంటే ఆ ప్రశ్న ముందే వేస్తే, మానే దారిలో ఎవరికి ఎక్కువ తోడు కావాలో ముందే తెలుస్తుంది.

మోతాదు పెంచమని మేము అడిగిన ప్రతిసారీ ఎన్ని గంటలకు మొదలవుతోందో అడిగి, ఆ గంట చీటీ మీద రాయండి. అర నిమిషం పని. నా తొమ్మిదేళ్ల చీటీల్లో మోతాదులన్నీ ఉన్నాయి, గంట ఒక్కచోటా లేదు. ఉండి ఉంటే పది, ఎనిమిది, ఆరు, రెండు అని కిందికి దిగే ఆ అంకెలను చూసి, వైద్యం తెలియని మావారు కూడా ఏదో తేడాగా ఉందని అనేవారు.

సమయం లేదంటారు, నిజమే, బయట బెంచీల మీద ఎంతమంది కూర్చుని ఉంటారో మేము చూస్తూనే ఉంటాం. అందులో కూర్చోలేక నిలబడి ఉండేవారు మేమే. నేను అడుగుతున్నది మీరు రాత్రంతా మేలుకోవాలని కాదు. చివరి మెట్టు దిగే ఆ రెండు వారాల్లో మూడుసార్లు, అయిదేసి నిమిషాలు, మీరు గానీ మీ నర్సు గానీ మాట్లాడగలిగితే చాలు. నాకు అది దొరికింది. నాలుగో రోజు ఫోన్ చేసిన నర్సు “ఇంకా మూడు రోజులు ఇలాగే ఉండొచ్చండి, తర్వాత తగ్గుతుంది” అన్నారు. ఆ మాట నాకు మందుతో సమానంగా పనిచేసింది, ఎందుకంటే హద్దు తెలిసిన బాధను మనిషి మోయగలడు.

మందుల దుకాణాల్లో ఉండే ఫార్మసిస్టులకూ ఒక మాట. తహతహతో నిద్రలేని మనిషి మీ దగ్గరికి వచ్చి, నిద్రకో జలుబుకో ఏదైనా ఇవ్వమన్నప్పుడు, చీటీ లేకుండా అందే మత్తు యాంటీహిస్టమిన్ చేతిలో పెట్టే ముందు “కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నారా?” అని అడగండి. పైన చెప్పిన అదే ప్రశ్న. నొప్పికీ తహతహకూ తేడా అక్కడ తెలియకపోతే మందు మానే ప్రయత్నం అక్కడే కూలిపోతుంది.

ఈ లేఖ నాలాంటి రోగుల కంటపడితే వారికి చెప్పేది ఒక్కటే: ఇది చదివి ఈ రాత్రే మాత్ర మానకండి. నేను మొదటిసారి పడినదంతా అలా మానడం వల్ల పడిందే. డోపమైన్ మందులకే కాదు, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, క్లొనజెపామ్ వంటివి కూడా ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. ఓపియాయిడ్లు ఒక్కసారిగా మానితే, ఈ జబ్బు లేనివారికి కూడా కాళ్లలో ఇలాంటి అలజడే పుడుతుంది. ఉన్నవారి సంగతి చెప్పక్కరలేదు.

ప్రస్తుతం నేను గాబాపెంటిన్ వాడుతున్నాను. ఆర్నెల్లకోసారి ఫెరిటిన్ చూపించుకుంటున్నాను. జబ్బు పోలేదు. వారంలో రెండు రాత్రులు కాళ్లు నన్ను లేపుతాయి, లేచి కాసేపు నడిచి వచ్చి పడుకుంటాను. గాబాపెంటిన్ మొదలుపెట్టిన రోజున, చీటీ చేతికి తీసుకోకముందే, ఇది ఎప్పుడైనా ఆపాల్సి వస్తే ఎలా ఆపాలని ఆ వైద్యురాలిని అడిగాను. ఆవిడ నవ్వి, కాగితం వెనక్కి తిప్పి, ఎంత చొప్పున ఎన్ని వారాలకు తగ్గించాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆగి తనకు ఫోన్ చేయాలో రెండు వరుసలు రాసిచ్చారు. ఆ రెండు వరుసలు మీరు రాసే ప్రతి చీటీ వెనకా ఉండాలని అడుగుతున్నాను.

ఇట్లు
మీ దగ్గరికి వచ్చే రోగుల్లో ఒకరు